ఆకురాయి చేసేది, మిల్లింగ్ కట్టర్ చేయలేనిది

రైఫిల్ బ్యారెల్ మీద గురి చూసే సైట్ బిగించడానికి తీసే డవ్‌టెయిల్ గాడి వేలిగోరంత ఉంటుంది. అమెరికాలో ఎక్కువగా వాడే కొలత ప్రకారం అడుగున 9.5 మిల్లీమీటర్ల వెడల్పు, 2.3 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా లోతు, రెండు పక్కలా 60 డిగ్రీల వాలు. పైన నోరు సన్నం, అడుగు వెడల్పు. సైట్ కింది పీట కూడా అదే ఆకారంలో ఉంటుంది కాబట్టి పక్కనుంచి కొడితే దూరుతుంది, పైకి లాగితే రాదు. స్క్రూ అక్కర్లేదు, టంకం అక్కర్లేదు. ఈ గాడిని సొంత షెడ్డులో తీసుకునేవాళ్ళు అక్కడ రెండు రకాలు. ఒకరు బ్యారెల్‌ను వైస్‌లో బిగించి హాక్సాతో, ముక్కోణపు ఆకురాయితో తీస్తారు. రెండోవారు బల్లమీది చిన్న మిల్లింగ్ మెషిన్‌కు కట్టర్ తగిలించి తీస్తారు. వీళ్ళ మధ్య వాదన ఎప్పుడూ ఎవరి గాడి నేరుగా వచ్చింది అన్న దగ్గరే తిరుగుతుంది. చూడాల్సింది అది కాదని నా అభిప్రాయం. సైట్ అందులో ఎలా కూర్చుంది, గాడి కింద బ్యారెల్ గోడ ఎంత మిగిలింది, ఈ రెండిటితో తూచితేనే ఏ పద్ధతి విలువ ఎంతో తేలుతుంది.

మన దేశంలో ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీ తయారీకే కాదు, మరమ్మతుకూ లైసెన్సు ఉండాలంటుంది. అందుకే ఇక్కడ మాట్లాడేదంతా అమెరికా షెడ్ల గురించి. అయితే గాడి మాత్రం మనకు కొత్త కాదు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివినవాళ్ళను అడగండి. మైల్డ్ స్టీల్ ముక్కల్లో ఆడ డవ్‌టెయిల్, మగ డవ్‌టెయిల్ ఆకురాయితో తీసి, ఒకదాన్ని ఒకదాంట్లోకి జరిపి, వెలుతురుకు అడ్డం పట్టి సందు కనిపిస్తే మళ్ళీ వైస్ దగ్గరికి వెళ్ళిన రోజులు వాళ్ళకు గుర్తుంటాయి. వరంగల్‌లో, విజయవాడలో ఆ పని నేర్చినవాడికి పాతకాలపు పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ కట్టేవాడి కష్టం విప్పి చెప్పక్కర్లేదు.

ఈ పోలికకు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. మిల్లింగ్ మెషిన్ అమెరికాలో ఎదిగింది తుపాకీ కార్ఖానాల్లోనే. ఆకురాయి పట్టే పనివాళ్ళ చేతుల్లో రోజులు పట్టే పనిని తగ్గించడానికీ, ఒక తుపాకీ ముక్క ఇంకో తుపాకీకి సరిపోయేలా చేయడానికీ దాన్ని పెంచి పోషించారు. 1813లో కనెటికట్‌కు చెందిన సిమియన్ నార్త్ 20,000 పిస్టళ్ళకు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాడు. ఒక పిస్టల్ ముక్కలు ఇంకోదానికి సరిపోవాలన్నది అందులో షరతు. తొలినాటి మిల్లింగ్ మెషిన్ల చరిత్రలో అతని పేరు తప్పకుండా వస్తుంది. వెర్మాంట్ రాష్ట్రం విండ్సర్‌లో 1846లో రాబిన్స్ అండ్ లారెన్స్ కంపెనీ కట్టిన తుపాకీ కార్ఖానా ఇప్పుడు అమెరికన్ ప్రెసిషన్ మ్యూజియం. ఆ కంపెనీ రైఫిళ్ళను 1851 లండన్ ప్రదర్శనలో చూశాకే బ్రిటిష్ ప్రభుత్వం తన ఎన్‌ఫీల్డ్ కార్ఖానాకు అమెరికా యంత్రాలు తెప్పించుకుంది. అంటే మిల్లింగ్ మెషిన్ పుట్టుకలోనే ఆకురాయికి పోటీ ఉంది. పోటీ వేల ముక్కల ఉత్పత్తిలో జరిగింది, అక్కడ మెషిన్ గెలిచింది. షెడ్డులో ఒక్క బ్యారెల్ ముందు నిలబడ్డ మనిషి ఆ గెలుపును తనకూ వర్తింపజేసుకోవడంలోనే పొరపాటు మొదలవుతుంది.

చేతి పద్ధతి మళ్ళీ లేవడానికి వెనక మనుషులున్నారు. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే ఊరు కేంద్రంగా నడిచే నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ (మూతి వైపు నుంచి మందు దట్టించే పాతకాలపు రైఫిళ్ళ సంఘం) 1933లో పుట్టింది. వర్జీనియాలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ వాళ్ళు 1969లో తీసిన ‘గన్‌స్మిత్ ఆఫ్ విలియమ్స్‌బర్గ్’ అనే డాక్యుమెంటరీలో వాలెస్ గస్లర్ ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, గొట్టంగా చుట్టి అతికించడం దగ్గర్నుంచి రైఫిల్ మొత్తం పద్ధెనిమిదో శతాబ్దపు పనిముట్లతో చేసి చూపించాడు. ఆ సినిమా చూసి ఆకురాయి పట్టినవాళ్ళు చాలామంది. వాళ్ళలో కొందరికి పాతదనం మీది మోజే ఎక్కువ, అది నిజమే. కానీ మోజును పక్కన పెట్టి పనిని పనిగా చూసినా ఆకురాయి తరఫున చెప్పుకోవడానికి గట్టి కారణాలున్నాయి.

ముందు చేతి పని దగ్గర నిలబడి చూద్దాం. లాంగ్ రైఫిల్ బ్యారెల్ ఎనిమిది పలకల గొట్టం. పై పలక మీద మార్కింగ్ బ్లూ పూసి, స్క్రైబర్‌తో రెండు అడ్డగీతలు గీస్తారు. ఆ గీతలు గాడి అడుగు వెడల్పువి కావు, పై నోటివి. అడుగు 9.5, లోతు 2.3 అయితే నోరు 6.9 దగ్గర తేలుతుంది. గీతలకు లోపలే హాక్సాతో నాలుగైదు కోతలు దగ్గరదగ్గరగా వేస్తారు, అనుకున్న లోతుకు కాస్త ముందే ఆపుతారు. మధ్యలో నిలిచిన సన్న రేకుల్ని ఉలితో ఎగరగొట్టి, చదును ఆకురాయితో అడుగు సమం చేస్తారు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ తర్వాతది.

ముక్కోణపు ఆకురాయి అడ్డుకోత సమత్రిభుజం, దాని ప్రతి మూలా 60 డిగ్రీలే. దాని ఒక ముఖాన్ని సానరాయి మీద పళ్ళు పూర్తిగా పోయేదాకా అరగదీస్తారు. ఆ నున్నని ముఖాన్ని గాడి అడుగున ఆనించి తోస్తే, అడుగు అరగదు. పక్కనున్న పళ్ళ ముఖం మాత్రం గోడను 60 డిగ్రీల వాలుతో లోపలికి కోసుకుంటూ పోతుంది. అరగదీయడం వల్ల ఇంకో మేలు జరుగుతుంది. కొత్త ఆకురాయి మూల కొంచెం మొద్దుగా ఉంటుంది, ఒక ముఖం అరిగాక ఆ మూల పదునెక్కి గాడి చివరిదాకా పళ్ళు అందుతాయి. కోణం పనివాడి మణికట్టు మీద ఆధారపడలేదు, పనిముట్టులోనే ఉంది. చేతి పని అంటే కంటి అంచనా అనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గమనించాలి. కోణం విషయంలో మెషిన్ కట్టర్ ఇచ్చే హామీనే ఈ ఆకురాయీ ఇస్తుంది.

చేతి పనికి ఉన్న జబ్బు వేరే చోట ఉంది. పలక నుంచి ఎదురు పలకకు 20.6 మిల్లీమీటర్లు ఉన్న బ్యారెల్ మీద ఒక పలక వెడల్పు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లే. 2.3 మిల్లీమీటర్లు లోపలికి దిగాక గాడి అడుగు పొడవు 13 మిల్లీమీటర్లు. ఇరవై సెంటీమీటర్ల ఆకురాయి 13 మిల్లీమీటర్ల మీద నడిస్తే ఊగకుండా ఉండదు. తోపు మొదట్లో ఒక అంచు, తోపు చివర్లో ఇంకో అంచు ఎక్కువ అరిగి, అడుగు మధ్యలో ఉబ్బుతుంది. సైట్ ఆ ఉబ్బు మీద కూర్చుంటే రెండు చివరలా గాల్లో ఉంటుంది. కొత్తవాడి గాడి పాడయ్యేది నూటికి తొంభై పాళ్ళు ఇలాగే. మందు కూడా పాతదే. నెమ్మదిగా పూర్తి తోపు, వెనక్కి లాగేటప్పుడు ఎత్తడం, ఆకురాయికి సుద్ద రాసి రజను పళ్ళలో ఇరుక్కోకుండా చూడడం, సైట్ పీటకు ప్రష్యన్ బ్లూ పూసి ఎక్కడ అంటుతోందో చూసి అక్కడే అరగదీయడం. ఐటీఐ మాస్టారు చెప్పిన మాటలే ఇవి.

ఇప్పుడు మిల్లింగ్ వైపు. పద్ధతి వినడానికి తేలిక. ముందు మామూలు ఎండ్ మిల్‌తో నోటి వెడల్పుకు లోపల నేరుగా ఒక గాడి తీసి లోహాన్ని ఖాళీ చేయాలి. ఆ తర్వాత 60 డిగ్రీల డవ్‌టెయిల్ కట్టర్‌ను పూర్తి లోతుకు దించి పక్కనుంచి లోపలికి నడపాలి. ఈ కట్టర్‌ను పైనుంచి గుచ్చడానికి వీల్లేదు, అడుగు వెడల్పు, మెడ సన్నం. తినిపించే వేగం తక్కువ, నూనె ఎక్కువ. గాడి కంటే కాస్త సన్నని కట్టర్ తీసుకుని మధ్యలో ఒక దారి వేశాక, అటు కొంచెం ఇటు కొంచెం జరిపి వెడల్పు తేవాలి. ఇక్కడ చిన్న మెషిన్ల బలహీనత బయటపడుతుంది. స్క్రూలో బ్యాక్‌లాష్, అంటే వదులు, ఉన్న బల్ల మీద కట్టర్ తిరిగే దిక్కుకే పనిని తోస్తే కట్టర్ లోహాన్ని లాక్కుంటుంది, సన్నని పళ్ళు ఒక్క క్షణంలో ఎగిరిపోతాయి. అందుకే ఒక్కో గోడకు తినిపించే దిక్కు మార్చుకోవాలి. ఇదంతా తెలిసినవాడి చేతిలో గాడి అద్దంలా వస్తుంది. అడుగు చదునుగా ఉంటుంది, రెండు గోడలూ సమాంతరంగా ఉంటాయి, ఉబ్బు అన్న మాటే లేదు. చేతి పని జబ్బును మెషిన్ పుట్టుకతోనే నయం చేసింది, దాన్ని ఒప్పుకుని తీరాలి.

అయితే మెషిన్ తప్పు కోతలో ఉండదు, కోతకు ముందే ఉంటుంది. ఇంచుమించు మీటరు పొడవున్న గొట్టాన్ని పాతిక సెంటీమీటర్ల ప్రయాణం ఉన్న బల్ల మీద పడుకోబెట్టాలి. రెండు చివరలా వేలాడే బరువుకు కింద ఊతాలు పెట్టకపోతే బ్యారెల్ వణుకుతుంది, గోడల మీద అలలు పడతాయి. పై పలకను డయల్ గేజ్‌తో అడ్డంగా, పొడుగునా సమం చేయాలి. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం బల్ల ప్రయాణం కంటే ఎక్కువ కాబట్టి, ఒక గాడి అయ్యాక బ్యారెల్‌ను విప్పి, జరిపి, మళ్ళీ మొదటినుంచి సమం చేయాలి. రెండుసార్లు చేసిన ఏర్పాట్లలో చిన్న తేడా వచ్చినా ముందు సైట్ ఒక వైపు, వెనక సైట్ ఇంకో వైపు ఒరుగుతాయి. పాతకాలపు మంచి బ్యారెల్ అయితే ఇంకో చిక్కు. అది వెనక లావు, మధ్యలో సన్నం, మూతి దగ్గర మళ్ళీ లావు. అలాంటి బ్యారెల్ పై పలక బోర్‌కు, అంటే లోపలి రంధ్రానికి, సమాంతరంగా ఉండదు, చోటును బట్టి వాలు మారుతుంది. మెషిన్ బల్లకు అది తెలియదు, పనివాడే కనిపెట్టి చెప్పాలి. ఆకురాయికి ఆ బాధ లేదు. అది తాను ఉన్న చోటి పలకనే ఆధారం చేసుకుంటుంది.

గుండ్రని బ్యారెల్ దగ్గర లెక్క తిరగబడుతుంది. పలకే లేదు కాబట్టి ఆకురాయికి ఆనుకోవడానికి ఆధారం లేదు. ఎటు పైభాగమో, నిట్టనిలువు ఏదో కంటితో చెప్పలేం. లోతును వంపు శిఖరం నుంచి కొలవాలి. లోహం కూడా వేరు. లాంగ్ రైఫిళ్ళకు ఈ రోజుల్లో వాడే బ్యారెళ్ళు చాలావరకు 12ఎల్14 లాంటి, సీసం కలిపిన మెత్తని స్టీలు, ఆకురాయికి సులువుగా లొంగుతుంది. ఆధునిక రైఫిల్ బ్యారెల్ 4140 క్రోమ్ మాలిబ్డినమ్ స్టీలో, 416 స్టెయిన్‌లెస్సో అయి ఉంటుంది. ఆకురాయి దాన్నీ కోస్తుంది గానీ పళ్ళు త్వరగా చస్తాయి, స్టెయిన్‌లెస్ అయితే రజను పళ్ళకు పట్టుకుని గీతలు పెడుతుంది. ఇక్కడ మిల్లింగ్‌దే పైచేయి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇక గోడ సంగతి. ఈ పోలికలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. .50 క్యాలిబర్ అంటే బోర్ 12.7 మిల్లీమీటర్లు. పలక నుంచి పలకకు 20.6 మిల్లీమీటర్లు ఉన్న బ్యారెల్‌లో ఆ బోర్ తీస్తే గోడ మందం నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అందులోంచి 2.3 లోతు గాడి తీస్తే మిగిలేది ఒకటిన్నర మిల్లీమీటరు చిల్లర. లోపల మెలికగా ఉండే రైఫ్లింగ్ గాళ్ళ లోతు కూడా తీసేస్తే ఇంకా తక్కువ. అదే బోర్ 23.8 మిల్లీమీటర్ల బ్యారెల్‌లో ఉంటే గోడ ఐదున్నర, గాడి తీశాక మూడుకు పైనే మిగులుతుంది. పాటించే కొలత ఒకటే అయినా, ఒక బ్యారెల్‌లో అది నిశ్చింత, ఇంకోదాంట్లో ప్రమాదం. వెనక సైట్ పేలుడు ఒత్తిడి ఎక్కువుండే వైపు ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త పడాలి. బ్యారెల్ కింది వైపు, కట్టెకు పిన్నులతో బిగించే చిన్న చెవుల కోసం తీసే గాళ్ళను అనుభవజ్ఞులు ఒకటిన్నర మిల్లీమీటరు దాటనివ్వకపోవడానికి కారణం ఇదే.

ఈ విషయంలో రెండు పద్ధతుల స్వభావం స్పష్టంగా వేరు. మెషిన్‌తో చేసేవాడి చేతిలో ఉండే కట్టర్ 2.3 మిల్లీమీటర్ల ఎత్తు కోసం తయారైంది, కొన్న సైట్ పీట కూడా అదే ఎత్తు. కొలత ముందే నిర్ణయమై ఉంది కాబట్టి బ్యారెల్‌ను అడగడం మర్చిపోతారు. డయల్ సున్నా దగ్గర పెట్టి, లోతు తిప్పి, కోసేస్తారు. ఆకురాయితో చేసేవాడు ఒక్కో తోపుకూ వెంట్రుకవాసి మాత్రమే దిగుతాడు. గాడి లోతెక్కేకొద్దీ కళ్ళముందే గోడ పల్చబడుతుంటే ఎవరైనా ఆగి కొలుస్తారు. సైట్ పీటనే కింద అరగదీసి లోతు తక్కువ గాడికి సరిచేసుకోవచ్చన్న ఆలోచన అతనికి సహజంగా వస్తుంది. మెషిన్‌తోనూ ఆ జాగ్రత్త పడొచ్చు, పడేవాళ్ళున్నారు. కానీ ఆగి ఆలోచించే అవకాశం ఆకురాయి ప్రతి తోపులోనూ ఇస్తుంది. మిల్లింగ్ కోత ఒక్కసారి మొదలైతే నిమిషంలో అయిపోతుంది.

బ్యారెల్ లోపలి ఒత్తిడుల గురించి ఒక మాట. బటన్ అనే గట్టి పనిముట్టును బోర్‌లోంచి నడిపి రైఫ్లింగ్ వేసిన బ్యారెల్‌లో లోహం నెట్టబడి ఉంటుంది, దాచిన ఒత్తిడి మిగిలి ఉంటుంది. పైనుంచి లోహం తీసేస్తే ఆ చోట బోర్ కాస్త విచ్చుకునే వీలుంది. ఆకురాయితో తీసినా, కట్టర్‌తో తీసినా తీసిన లోహం ఒకటే కాబట్టి ఈ విషయంలో ఏ పద్ధతికీ ఆధిక్యం లేదు. గాడి లోతు ఎంత తక్కువైతే అంత మంచిది, అంతే.

చివరికి సైట్ కూర్చునే దగ్గరికి వద్దాం. కాల్చేవాడి వైపునుంచి చూస్తే సైట్‌ను కుడి నుంచి ఎడమకు దూర్చడం, తీసేటప్పుడు ఎడమ నుంచి కుడికి కొట్టడం అక్కడి ఆనవాయితీ. బొటనవేలితో తోస్తే మూడో వంతు లోపలికి వెళ్ళి ఆగాలి, మిగిలింది ఇత్తడి పంచ్ పెట్టి సుత్తితో కొడితే వెళ్ళాలి. అలా కూర్చున్న సైట్ ఏళ్ళ తరబడి కదలదు. గురి తప్పితే మాత్రం కొట్టి జరపగలగాలి. రెండు సైట్ల మధ్య 36 అంగుళాల దూరం ఉంటే, వెనక సైట్‌ను పావు మిల్లీమీటరు జరిపితే 100 గజాల దూరంలో దెబ్బ ఒక అంగుళం జరుగుతుంది. ఆ పావు మిల్లీమీటరు ఒక్క దెబ్బలో రావాలి, తర్వాత అక్కడే నిలవాలి. ఈ బిగువును ఏ కొలతా ముందుగా ఇవ్వలేదు. కొన్న సైట్ పీట వెడల్పు ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటుంది. గాడి అడుగు మూలల్లో 2 మిల్లీమీటర్ల పిన్నులు రెండు పెట్టి, వాటి మధ్య ఖాళీ 4.04 వచ్చిందా చూస్తే అడుగు వెడల్పు 9.5 ఉన్నట్టు తేలుతుంది. ఆ కొలత అచ్చంగా వచ్చినా చేతిలో ఉన్న ఈ ఫలానా సైట్ వదులవ్వొచ్చు. అందుకే మిల్లింగ్ మెషిన్ మీద బాగా పనిచేసేవాళ్ళు గాడిని కావాలనే కాస్త బిగువుగా వదిలి, చివరి పని ఒక ముఖం అరగదీసిన ఆ ముక్కోణపు ఆకురాయికే అప్పగిస్తారు. ఎడమ చివర ఒక వెంట్రుకవాసి బిగువు ఉంచి కుడి వైపు నుంచి ఆకురాయి తోస్తే, సైట్ దూరేకొద్దీ పట్టు పెరుగుతుంది. రెండు గోడలూ అచ్చం సమాంతరంగా తీసిన మెషిన్ గాడిలో ఈ పట్టు ఉండదు.

గాడి వదులైతే దిద్దుబాటు రెండు పద్ధతుల్లోనూ ఒకటే. గాడి పెదవుల్ని సుత్తితో లోపలికి కొట్టి దించుతారు, లేదా కింద పల్చని ఇత్తడి రేకు పెడతారు. పని నడుస్తుంది గానీ ఆ మచ్చ బ్యారెల్ మీద ఉండిపోతుంది. గాడి మరీ లోతైతే మాత్రం దిద్దుబాటు లేదు. తీసిన లోహం తిరిగి రాదు, ఆ బ్యారెల్‌ను పక్కన పెట్టాల్సిందే.

నా తీర్పు ఇది. ఒకే ఒక్క ఎనిమిది పలకల బ్యారెల్, అందులోనూ మెత్తని స్టీలు అయితే, మిల్లింగ్ మెషిన్ ఉన్నా సరే ఆకురాయితోనే తీయడం మేలు. ఏర్పాటుకు పట్టే సమయంలోనే గాడి తయారవుతుంది, గోడ మీద కన్ను ఉంటుంది, బిగువు చేతికి తెలుస్తుంది. గుండ్రని బ్యారెల్, గట్టి స్టీలు, ఒకే రకం గాళ్ళు చాలా తీయాల్సి రావడం, ఇవి మిల్లింగ్‌కు తగినవి, కానీ చివర ఆకురాయి తప్పదు. ఆకురాయి మాత్రమే తెలిసినవాడు మంచి గాడి తీయగలడు. మెషిన్ మాత్రమే తెలిసినవాడు మంచి గాడి తీసి, అందులో సైట్‌ను సరిగా కూర్చోబెట్టలేకపోవచ్చు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళలో ఈ పని మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు ఒక మనవి. సొంత తుపాకీ మీద ఏ పని చేసుకోవచ్చన్నది రాష్ట్రానికో రకంగా ఉంటుంది, ముందు అది కనుక్కోండి. తుపాకీలో మందుగుండు లేదని ఒకటికి రెండుసార్లు చూసి, బ్యారెల్ విప్పాకే వైస్ దగ్గరికి వెళ్ళండి. గాడి తీయబోయే చోట బ్యారెల్ బయటి కొలత తీసుకుని, అందులోంచి బోర్ తీసేసి, మిగిలిన దాన్ని సగం చేసి, ఆ అంకె కాగితం మీద రాసి కళ్ళెదుట పెట్టుకోండి. మొదటి గాడి బ్యారెల్ మీద కాకుండా పారేసే స్టీలు ముక్క మీద తీయండి. గోడ మందం చాలదని లెక్క చెబితే గాడి తీయకండి, సైట్ బిగించడానికి వేరే దారులున్నాయి.